యాపిల్ కజ్జికాయల డబ్బా

అక్కా, ఫోనులో నీకు వినపడదని కార్డు రాస్తున్నాను. నాకు చాలా భయంగా ఉంది.

నాలుగు రోజుల క్రితం మీ మరిదిగారు పది రోజుల వేటకు బోటెక్కారు. ఎండుకొబ్బరి కొనలేక, బండి మీద చవగ్గా ఇచ్చిన దెబ్బతిన్న యాపిళ్లు తురిమి, బెల్లంలో మగ్గబెట్టి కజ్జికాయలు వేయించి డబ్బా నింపి ఇచ్చాను.

"కొబ్బరి లేకపోతే ఏంటే? నువ్వు చేసింది ఒక్కటి కూడా పారెయ్యను" అని నవ్వుతూ వెళ్లారు.

కొబ్బరివైతే నిలవుంటాయి. యాపిల్ తడి సంగతి నాకు తట్టలేదు. ఇంట్లో ఉంచిన నాలుగూ ఈ రోజు పులిసి బూజు పట్టాయి. బోటుకు ఫోను అందడం లేదు. నడిసముద్రంలో వాంతులు పట్టుకుంటే చూసేదెవరు?

బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? ఆయనకు నా నమస్కారాలు చెప్పు. అంతర్వేది స్వామికి నా పేరున దీపం పెట్టు. నా చేతి వంట మీ మరిదిగారికి నచ్చకూడదని పెళ్లయ్యాక మొదటిసారి దణ్ణం పెట్టుకుంటున్నాను.

నీ చెల్లెలు,
వీరదుర్గ