గుండెలో గేటు

కృప నాయినా,
పప్పు పొయ్యి పక్కన గిన్నెలో ఉంది, వేడి చేసుకుని తిను. కోళ్లను గంప కింద కమ్ము. నా గుండెకు ఎకో స్కాన్ తీయించుకోవడానికి మన బిడ్డ కృపతో బాన్సువాడ దవాఖానకు పోతున్నాను. నువ్వేమో ఈ రోజే కాలువకు నీళ్లు వదలాలి. కాలువ గేట్లు తిప్పే లష్కర్‌ను పెళ్లి చేసుకున్నాను, ఇంకేం అంటాను.

మొదటిసారి తీసినప్పుడు నువ్వు నా పక్కనే నిలబడ్డావు. డాక్టరమ్మ నోరు తెరవకముందే తెర చూసి, "గా గేటు సక్కగ మూస్తలేదు మేడం, నీళ్లు ఎనక్కి వస్తున్నయి" అన్నావు. "నీళ్లు కాదు, రక్తం. కానీ మీరు చెప్పింది నిజమే" అని ఆమె నవ్వింది. తిరిగొచ్చేటప్పుడు బిచ్కుంద దాకా బస్సులో అందరికీ అదే చెప్పుకున్నావు. జబ్బు సంగతి మరిచి నేనూ నవ్వాను.

పోయినేడు మాత్రం తెర చూసి, "ఏం లేదు, ఫికర్ చెయ్యకు" అన్నావు.

ఈసారి కృప ఆ తెరను ఫోన్‌లో వీడియో తీసుకొస్తుంది. చూసి నిజం చెప్పు.

ఇంకొకటి. పోయినేడు బస్టాండు దగ్గర నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించావు. ముప్పై ఏళ్లలో ఎన్నడూ పట్టుకోలేదు. గేటు ఇంకా వదులైందని నాకు అప్పుడే తెలిసింది.