అది వాన కాదు

నా రాణీగారికి,

ఇక్కడ క్షేమమని మొదటి వాక్యంలో రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. నువ్వూ, నీ కుట్టుమిషనూ, నీతో గదిలో ఉండే కళ్ళజోడమ్మా కులాసాగా ఉన్నారనుకుంటాను.

నీ ఉత్తరం చదవగానే ఒళ్లు మండింది. ఆ ఆంప్లిఫయర్ పంపింది నేనిచ్చిన పెద్ద హెడ్‌ఫోన్స్ కోసం. అవి మొద్దువి. ఫోను ఇచ్చే బలం వాటికి ఆనదు. నేను రికార్డు చేసి పంపిన కబుర్లు నూతిలోంచి వచ్చినట్టున్నాయని నువ్వంటేనే కదా ఆ పెట్టె పంపాను. నువ్వేమో చెవులు బరువెక్కుతున్నాయని కళ్ళజోడమ్మ చిన్న ఇయర్‌ఫోన్స్ అడుక్కుని అందులోనే గుచ్చావు. ఎవర్నడిగి చేశావు తల్లీ? అవి సున్నితమైనవి. చిటికెడు బలానికే గట్టిగా పలుకుతాయి. బండి తోసే ఊపుతో ఊయల తోస్తారా ఎవరైనా?

"నీ మాటల వెనక సన్నగా వాన పడుతోంది, అక్కడ వానలా?" అని అడిగావు. అది వాన కాదు. ఆ పెట్టె సొంత చప్పుడు. మొద్దువాటిలో వినపడదు, సున్నితమైనవి దాన్ని కూడా పట్టేస్తాయి. దాన్నే వానని నమ్మి, దుప్పటి మెడదాకా లాక్కుని నిద్రపోయానని రాశావు చూడు, అక్కడ నా కోపం ఎటుపోయిందో తెలియలేదు. మా రికార్డింగ్ స్టూడియోలో, మెత్తలు కొట్టిన గోడల మధ్య ఒక్కణ్ణే కూర్చుని నీ వానలో చాలాసేపు తడిశాను.

అయినా చెప్పిన మాట విను. పెట్టె వెనక చిన్న మీటని 'తక్కువ' వైపు జరుపు. ముందు వాల్యూమ్ సున్నాకి తిప్పు, తర్వాతే గుచ్చు. చెవిలో పెట్టుకుని కొద్దికొద్దిగా పెంచు.

ఇంత గొడవెందుకంటావా? క్రితం వారం ఇక్కడ ఓ పాటగాడు మొద్దు హెడ్‌ఫోన్స్ తీసి వెళ్లిపోయాడు. మా ఆంప్లిఫయర్ వాల్యూమ్ పైనే ఉండిపోయింది. మా ఓనరు అందులోనే చిన్నవి గుచ్చి, "ఎడమది పలకట్లేదంటున్నారు, చూడరా" అన్నాడు. ఎడమది చెవిలో పెట్టుకున్నాను. ఆయన పాట వదిలాడు. పలికింది.

"ఏమైందిరా?"

"నా తలకాయైంది. సున్నాకి తిప్పి ఇవ్వాలని తెలీదా మీకు?"

"తెలుసురా. మర్చిపోయాను."

చెయ్యి చాపి నేనే సున్నాకి తిప్పాను.

అప్పట్నుంచి నా ఎడమచెవిలో నీ వానే. ఆగడం లేదు. దాని వెనక మాటలు మసకమసగ్గా, నిద్రలో విన్నట్టు ఉంటున్నాయి. "తగ్గొచ్చు, తగ్గకపోనూవచ్చు" అంది డాక్టరమ్మ. ఈ పని నాకెవరూ నేర్పలేదు. ఈ రెండు చెవులే నేర్పాయి. ఫోనులో చెబితే నా గొంతు పట్టిస్తుందని రాస్తున్నాను.

ఓనరు సెలవిచ్చాడు. ఆదివారం వస్తున్నాను. కళ్ళజోడమ్మని రెండు రోజులు వేరే గది చూసుకోమను. నా కుడిపక్కన పడుకో. అటు గొణిగినా వినపడుతుంది. ఎడమ నుంచి పిలిస్తే పలక్కపోవచ్చు. అలగకు. భుజం తట్టు.

ఇట్లు,
నీ మొండి మొగుడు