వాగు మధ్యలో పెట్టిన ఓటు

యాలాల్,
10 ఏప్రిల్ 1956

ప్రియమైన తమ్ముడు పాండురంగానికి, అక్క మొగులమ్మ దీవించి రాసేది.

నువ్వు నేర్పిన అక్షరాలతోనే రాస్తున్నాను, తప్పులుంటే నీవే. నీ మేనకోడలు రామమ్మకు నాలుగో నెల. పోయినసారి కాన్పులో అది చావు తప్పి బతికింది, బిడ్డ దక్కలేదు. మంత్రసాని బుగ్గమ్మ ఇప్పుడే చేతులెత్తేసింది. "నాతోని గాదక్కా, ఈసారి తాండూరు దవాఖానకే తీస్కపోవాలె" అంటున్నది. నెలలు నిండేది భాద్రపదంలో. అప్పటికి మన వాగు ఎట్లుంటదో నీకు తెలుసు.

ఇప్పుడే మొదలుపెడితే వాగు మీద రాతి వంతెన వానలలోపే అయిపోతుందని ఇంజనీరు చెప్పాడు. వాగు ఇవతలి శాసనసభ్యుడివి నువ్వు, అవతలి సభ్యుడు జనార్దన్. ఒకే కాగితం మీద ఇద్దరి సంతకాలు కావాలట. జనార్దన్ కాగితం రాసి నీ దగ్గరికి పంపాడని విన్నాం. జర తొందరగా సంతకం పెట్టు.

నీ అక్క,
మొగులమ్మ

హైదరాబాద్,
24 ఏప్రిల్ 1956

ప్రియమైన అక్కకు, నమస్కారం.

రామమ్మను జాగ్రత్తగా చూసుకో. వంతెన నాకు మాత్రం వద్దా? పోయిన ఏడు ఇదే కాగితం నేను రాసి తీసుకుపోతే జనార్దన్ ఏమన్నాడో తెలుసా? "ఎడమ దిక్కు కూసునేటోని కాగితం మీద నేను సంతకం పెట్టాల్నా?" అన్నాడు, నలుగురిలో! ఇప్పుడు తన పేరు పైన రాసుకుని, కింద నన్ను పెట్టమంటున్నాడు. పెడితే మావాళ్లు నన్ను అమ్ముడుపోయాడంటారు. మేం సభలో ఎడమవైపు ఊరికే కూర్చోలేదక్కా. దాని వెనుక ఒక సిద్ధాంతం ఉంది, జైలు ఉంది. వచ్చే సమావేశంలో మా పక్షం తరఫున నేనే వంతెన అడుగుతాను. కొంచెం ఓపిక పట్టు.

నీ తమ్ముడు,
పాండురంగం

యాలాల్,
6 మే 1956

తమ్మీ,

ఓపిక నేను పడతాను, కడుపులోని బిడ్డ పడుతుందా? వచ్చే సమావేశం దాకా ఆగమని దానికెవరు చెప్పాలి?

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. దేవప్ప సంగతి నీకు తెలుసు కదా, రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. నాగలి పక్కన పెట్టి అన్నాడు: "దాపటెద్దు ఎడమకే గుంజుతది, వలపటెద్దు కుడికే గుంజుతది. గుంజనీ, తప్పులేదు. కాడి ఒక్కటే గదా! మీ తమ్ముడు కాడి ఇడిచిపెట్టి కొమ్ములాడిస్తుండు."

ఎవరి పేరు పైన, ఎవరి పేరు కింద! సిగ్గు లేదురా మీ ఇద్దరికీ? మీ కుర్చీలు ఏ దిక్కున ఉంటే మాకేం? మేం మిమ్మల్ని పంపింది కూర్చోవడానికి కాదు. సంతకం పెట్టేదాకా నాకు ఉత్తరం రాయకు.

మొగులమ్మ

హైదరాబాద్,
20 మార్చి 1957

ప్రియమైన అక్కా,

రాయొద్దన్నావు, అయినా రాస్తున్నాను. ఎన్నికల ప్రచారానికి నేను ఊరికి వచ్చినప్పుడు నువ్వు తలుపు తీయలేదు. రామమ్మ బిడ్డ పోయిందని విని చాలా బాధపడ్డాను. విధి, ఏం చేస్తాం.

నేను నూట పన్నెండు ఓట్లతో ఓడిపోయాను. ఓడినందుకు కాదు నా కోపం. మన ఊళ్లో నూట ఎనభై మూడు ఓటు కాగితాలు ఏ డబ్బాలోనూ పడలేదు! నా గుర్తు అంటించిన డబ్బాకూ, ఎదుటి పక్షం డబ్బాకూ మధ్య బల్ల మీద పడి ఉన్నాయట. చెల్లవని అధికారి తీసి పారేశాడు. ఇంతమందికి రాత్రి బడి పెట్టి చదువు చెప్పాను. కాగితం డబ్బాలో వేయాలన్న సంగతి కూడా తెలియకపోతే ఇక ఈ జనం కోసం ఎవరు కొట్లాడతారు?

నీ తమ్ముడు,
పాండురంగం

యాలాల్,
2 ఏప్రిల్ 1957

ప్రియమైన తమ్మునికి,

దేవుణ్ని నమ్మని నువ్వు విధి అని రాశావు. చదివి నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. బిడ్డ పోయిన రోజు ఏం జరిగిందో నీకు ఎవరూ చెప్పలేదు, నేను చెబుతాను విను.

పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. రామమ్మను మంచం మీద వాగు దాకా మోసింది నీ పార్టీ పిల్లలే. పాపం, భుజాలు పుండ్లయినా దించలేదు. అవతలి ఒడ్డుకు జీపు తెచ్చి నిలబెట్టింది జనార్దన్ మనుషులు. వాళ్లు కేకలేస్తున్నారు, వీళ్లు కేకలేస్తున్నారు. మధ్యలో ఇద్దరు మనుషుల లోతు నీళ్లు. పొద్దు వాలే వేళకు ఒడ్డు మీదే మగపిల్లవాడు పుట్టాడు. ఏడవలేదు. తాండూరు దవాఖాన కప్పు అక్కడికి కనిపిస్తూనే ఉంది.

ఇక ఓట్ల సంగతి. మాకు తెలియక కాదు. మధ్యలో మొదటి కాగితం పెట్టింది నేను, రెండోది బుగ్గమ్మ. "ఎవల డబ్బల ఎయ్యాలె?" అని ఆడవాళ్లు అడిగితే, "నా మనుమడు యాడ పోయిండో ఆడ పెట్టుండ్రి" అన్నాను. వాగవతలి ఆడవాళ్లూ అదే చేశారు. జనార్దన్ కూడా ఓడిపోయాడు. గెలిచినవాళ్ల దగ్గరికీ పోతాం, వాళ్లనూ వదలం.

వానలు వచ్చేదాకా మేం కూర్చోదలుచుకోలేదు. గనుల్లో పనిచేసేవాళ్లు నాపరాతి బండలు ఇచ్చారు. వాగులో మేమే వంతెనకు గుంజలు లేపుతున్నాం. జనార్దన్ నిన్న వచ్చాడు. రామమ్మను చూసి తలవంచుకుని, చెప్పులు విడిచి వాగులోకి దిగాడు. ఒడ్డున పెట్టిన పెద్ద బండకు కుడివైపు కొస పట్టుకున్నాడు.

ఎడమవైపు ఎవరినీ పట్టనియ్యలేదు నేను. బండ ఇంకా ఒడ్డు మీదే ఉంది.

నీ అక్క,
మొగులమ్మ