దసరా బిస్కట్ల పొడి

1983

సెప్టెంబరు 8
జ్వరం తగ్గి నాలుగో రోజు. కొట్లో కూర్చున్నాను. ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను — ఏమీ లేదు. మూత పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ చూశాను. లేదు. జలుబు వల్లే అయి ఉంటుంది.

సెప్టెంబరు 10
వినాయక చవితి. పాయసంలో తీపి తెలుస్తోంది, నెయ్యి తెలియడం లేదు. అనసూయ "ఎట్లున్నది?" అంటే బాగుంది అన్నాను. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె వంటను మొదటి ముద్దకే బాగుందన్నది ఇదే మొదటిసారి అనుకుంటాను. అనుమానంగా చూసింది.

సెప్టెంబరు 13
ధనియాలు మాడిపోయాయి. మూకుడు ముందే కూర్చుని ఉన్నాను, నల్లబడేదాకా తెలియలేదు. అనసూయ పెరట్లోంచి అరిచింది — "ఏం మాడవెడ్తాండ్రు? ఇల్లంత పొగ!"
పొగ కళ్ళకు తెలిసింది, ముక్కుకు తెలియలేదు. "మాటల్ల పడ్డ" అన్నాను. మాట్లాడటానికి అక్కడ ఎవరున్నారు?

సెప్టెంబరు 15
సంచులు తేవాలని తమ్ముడు రాజేశానికి చెప్పి హనుమకొండ పోయాను. ముక్కుల డాక్టరు టార్చిలైటు వేసి చూశాడు. "వాసన నరం దెబ్బతిన్నది. జ్వరం తర్వాత ఒక్కొక్కలకు ఇట్లయితది. నెలకు రావచ్చు, ఏడాదికి రావచ్చు." రాకపోతే? "రాకపోనూ వచ్చు. మీరేం పని చేస్తరు?" కిరాణం అన్నాను. "ఇంకేం మరి, ఫికర్ లేదు" అన్నాడు.
లేచి చెంప మీద ఒకటి ఇవ్వాలనిపించింది. ఫీజు ఇచ్చి దండం పెట్టి వచ్చాను. సంచులు మరిచిపోయాను.

సెప్టెంబరు 16
ఎవరికీ చెప్పను.
రాజేశానిది రెండేళ్ళ నుంచి ఒకటే పాట — "అన్నా, హైదరాబాద్ నుంచి ప్యాకెట్లు తెచ్చి అమ్ముదాం. ఈ దంచుడు, ఈ ఏంచుడు ఇంకెన్నొద్దులు?" ఇన్నాళ్ళూ వాడి నోరు మూయించింది నా బిస్కట్ల పొడి ఒక్కటే. దసరా ముందు ఈ బజారు ఆడవాళ్ళంతా మైదా, చక్కెర, డాల్డా గిన్నెల్లో పెట్టుకుని ఖాజా భాయ్ బేకరీకి పోతారు, అతని భట్టీలో బిస్కట్లు కాల్పించుకుంటారు. ఆ పిండిలో అతను కలిపేది నా పొడే. దాల్చినచెక్క, ఇలాచి, శొంఠి, జాజికాయ, జాపత్రి, లవంగం. తూకం లేదు, కాగితం లేదు. దంచుతూ, వాసన చూస్తూ, వేస్తూ పోతాను. నాన్న అట్లాగే చేసేవాడు. ఆయన తర్వాత అది నా ఒక్కడికే వచ్చు, కొట్లో నా మర్యాద అంతా అదే.
"లెక్క రాసి పెట్టరాదుండ్రి" అని అనసూయ ఎప్పుడో అంటే "నీకెందుకు" అన్నాను. రాసి ఉంటే ఇవాళ ఆ కాగితం ముందు పెట్టుకుని చేసేవాడిని. ఇప్పుడు రాజేశానికి తెలిస్తే రోలు మూలకు పోతుంది, నేను గల్లా దగ్గర బొమ్మలా కూర్చోవాలి.
భయంగా ఉంది. ఈ పుస్తకానికి తప్ప ఎవరికీ చెప్పుకోలేను.

సెప్టెంబరు 20
రాలేదు.

సెప్టెంబరు 21
వాము, కర్పూరం, కిరసనాయిలు. వరుసగా చూశాను. రాలేదు.

సెప్టెంబరు 24
ఖాజా భాయ్ వచ్చాడు. "సేటూ, ఈసారి దసరా, పీరీల పండుగ ఒక్కదగ్గర్నే వడ్డయి. పీర్లు లేసినయంటె మా పనోళ్ళు ఒక్కడు భట్టీ కాడ నిలవడడు. జర జల్ది ఇయ్యాలె." ఎప్పటికి? "ఒకటో తారీఖుకు శాంపిల్ ఇయ్యి. ఒక తట్ట కాల్చి చూస్త."
అట్లాగే అన్నాను. నవ్వాను కూడా.

సెప్టెంబరు 27
హైదరాబాద్ దళారి కొత్త జాపత్రి తెచ్చాడు. పెద్ద పెద్ద రేకులు, మంచి ఎరుపు. ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తల ఊపాను — నాన్న ఊపినట్టే. "సేటు ముక్కుకు తిరుగు లేదు" అని నవ్వాడు. ఎందుకు నవ్వాడో తెలియదు. తీసుకున్నాను.

సెప్టెంబరు 29
దంచాను. చేతి గుర్తు మీద — ఇది గుప్పెడు, అది చిటికెడు... ఇన్నేళ్ళ చెయ్యి కదా, దానికి తెలియదా అనుకున్నాను. సగంలో ఆగిపోయింది చెయ్యి. ఎప్పుడూ ముక్కును అడిగి వేసే చెయ్యి అది, తనంతట తను ఏదీ వేయలేదు. ఏదో ఒకటని వేసి ముగించాను.

సెప్టెంబరు 30
ఎదురింటి కమలమ్మ ఉప్పు కోసం వచ్చి — "అన్నా, పొడి తయారాయెనా? నీ పొడి వడకుంటె మా పొల్లలు బిస్కట్లు ముట్టరు." తయారైందన్నాను.

అక్టోబరు 1
శాంపిల్ ఇచ్చాను.

అక్టోబరు 2
ఖాజా భాయ్ బిస్కట్లు కాగితంలో చుట్టుకొచ్చాడు. రాజేశం పక్కనే ఉన్నాడు.
"సేటూ, కోపం జెయ్యకు. సప్పగున్నయి. కట్టె నమిలినట్టున్నది."
రాజేశం ఒకటి కొరికి నా వంక చూశాడు. "అన్నా, నీ చేతిదేనా ఇది?"
మైదా పాతది అన్నాను. భట్టీ ఎక్కువ కాలింది అన్నాను. రెండూ ఒక్క ఊపిరిలో అన్నాను, అదే తప్పు. ఖాజా భాయ్ తల గోక్కుంటూ "మైదా నిన్ననే దిగింది సేటూ..." అన్నాడు.
పన్నెండో తారీఖున మళ్ళీ వస్తాడట. ఇక్కడే నిలబడి, వాసన చూసి తీసుకుంటాడట. నాన్న కాలం నుంచి ఇప్పటిదాకా మా పొడిని ఎవరూ ఇట్లా వాసన చూసి తీసుకోలేదు.
అతను పోయాక రాజేశం — "పన్నెండు నాటికి కుదరకుంటె చెప్పన్నా. ప్యాకెట్లు లారీల ఏపిస్త." మెల్లగా, మర్యాదగా అన్నాడు. అరిచినా బాగుండేది.

అక్టోబరు 4
అనసూయను పిలిచాను, పరీక్ష పెడుతున్నట్టు. ఒక కాగితంలో పాత జాపత్రి, ఒక కాగితంలో కొత్తది. "ఇన్నేండ్లు ఈ ఇంట్ల ఉన్నవు, ఏం నేర్సుకున్నవో చూద్దాం. ఏది మంచిది?"
కొత్తదాని మీద ముక్కు పెట్టి వెంటనే తీసేసింది. "ఇది జాపత్రే గాదు. అడివిది. రంగు తప్ప దీంట్ల ఏం లేదు. ఎవ్వడు అంటగట్టిండు?"
"నాకు ఎరుకే. నీకు ఎరుకనా లేదా అని."
"ఎరుకుంటె ఎట్ల గొన్నరు?"
కొట్లో బేరం ఉందని బయటికి వచ్చేశాను. బేరం లేదు.

అక్టోబరు 6
ఎంగిలి పూల బతుకమ్మ. ఇంటి నిండా తంగేడు పూలు. అనసూయ చాయ్ ఇచ్చింది. "ఇలాచి ఎక్కువయ్యిందా?" లేదు, సరిపోయింది అన్నాను. గ్లాసు తీసుకుని పోయింది.
మధ్యాహ్నం వంటింట్లో ఇలాచి డబ్బా తీస్తే ఖాళీ. ఎప్పుడు అయిపోయింది? "నాలుగొద్దులాయె" అంది, పూలు పేరుస్తూ, తల ఎత్తకుండా.

అక్టోబరు 7
ఆమెకు తెలిసిపోయింది. ఏమీ అనడం లేదు. అన్నం పెడుతోంది, నీళ్ళు పెడుతోంది, ఆడవాళ్ళతో కలిసి బతుకమ్మ ఆడటానికి పోయి వస్తోంది. తిట్టదేం? అనసూయ ఊరుకుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు.

అక్టోబరు 8
ఇవాళ వాన పడింది. పోయి వాకిట్లో నిలబడ్డాను. మట్టి వాసన ఎట్లా ఉండేదో గుర్తు తెచ్చుకోబోయాను. మాట గుర్తుంది, వాసన గుర్తు రాలేదు. ఏడుపొచ్చింది. రాజేశం చూసి "జలుబు జేస్తది, లోపలికి రా అన్నా" అన్నాడు.

అక్టోబరు 9
పొద్దున మూకుడు తీసుకుని పోయేసరికి పొయ్యి ముందు ఆమె కూర్చుని ఉంది.
"మీరు జరగుండ్రి."
జరిగాను. పాత జాపత్రి అడుగున మిగిలింది తెచ్చుకుంది. చెక్క వేయించింది, దించింది. ఎప్పుడు దించాలో నేను నేర్పలేదు. ఇన్నేళ్ళూ గోడ అవతల పని చేసుకుంటూ వాసన పట్టుకుంది, అంతే. జాజికాయ అరగదీసి, ఆగి, వాసన చూసి, ఇంకో రెండుసార్లు అరగదీసింది. అచ్చం నాన్న. నేను పక్కన పీట మీద కూర్చుని జల్లెడ పట్టాను. సిగ్గేసింది. అబద్ధం ఎందుకు, కొంచెం హాయిగా కూడా ఉంది.
"ఎవ్వలకన్న చెప్పిండ్రా?" అంది చివరికి.
"లేదు."
"నాక్కూడ చెప్పలె."
జల్లెడ పట్టిన పొడినే మళ్ళీ పట్టాను.

అక్టోబరు 11
పొడి అయింది. ఆమె చేసిందే. డబ్బాకెత్తుతూ అంది — "రాజేశానికి జెప్పుండ్రి. ఖాజా భాయ్‌కి జెప్పుండ్రి. రోగమొస్తె తప్పా? ఇగ నుంచి పొడి నేను జేస్త."
"రేపొక్కరోజు పోనీ."
"రేపు పోతె ఎల్లుండి ఏం జేస్తరు?"
"నువ్వు జేసినవంటె బజారంత నవ్వుతది" అన్నాను.
అన్న తర్వాత తెలిసింది ఏమన్నానో. ఆమె ముఖం వైపు చూడలేకపోయాను. చెంబు తీసుకుని పెరట్లోకి పోయింది. అన్నానికి పిలవలేదు. నేనే వడ్డించుకున్నాను.

అక్టోబరు 12
ఖాజా భాయ్ నాలుగింటికి వచ్చాడు. పదహారు ఇళ్ళ మైదా బేకరీకి చేరిందట. ఏడు కొట్టగానే పిండి కలపడం మొదలు. రాజేశం లెక్క పుస్తకం మూసి లేచి వచ్చి నిలబడ్డాడు. నేను పొడి తెమ్మని లోపలికి కేకేశాను.
అనసూయ పళ్ళెం పట్టుకుని నడిమింటి గడప దాటి కొట్లోకే వచ్చింది. పరాయి మగవాళ్ళుంటే ఎన్నడూ రాదు. పళ్ళెం నా ముందు పెట్టింది.
"చూడుండ్రి. సరిపోయిందా?"
నా మర్యాద కాపాడటానికి అడిగిందో, ఇప్పుడైనా నోరు విప్పుతానని అడిగిందో నాకు తెలియలేదు. చిటికెడు తీసి పీల్చాను. ఏమీ లేదు. సరిపోయింది అంటే అయిపోయేది. కానీ మొదటి చిటికెడుకే సరిపోయిందని నేను ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అనలేదు, అది రాజేశానికి బాగా తెలుసు. వాడు నా ముఖమే చూస్తున్నాడు.
"లవంగం జర తక్కువైంది" అన్నాను.
ఆమె నన్నే చూసింది. "తక్కువైందా?"
"తక్కువైంది."
"మంచిది" అంది. పళ్ళెం తీసుకుని లోపలికి పోయింది. రోకలి చప్పుడు... చాలాసేపు వినిపించింది. మళ్ళీ తెచ్చి పెట్టింది. మళ్ళీ పీల్చాను. "ఇగ సరిపోయింది."
ఖాజా భాయ్ ముఖం విప్పారింది. "నువ్వు సరే అన్నంక నేనేంది సూసేది సేటూ!" డబ్బాలోకి పోసుకుంటూ "ఈసారి జోరుగున్నదే" అన్నాడు. సైకిలెక్కి పోయాడు. రాజేశం నా భుజం మీద చెయ్యి వేసి, "పానం కుదుటవడ్డది అన్నా నీకు" అన్నాడు. వాడు అంత ప్రేమగా మాట్లాడి ఎన్నాళ్ళయిందో.
లోపలికి పోయాను. ఆమె రోలు తుడుస్తోంది.
"ఎంత ఏసినవు?"
"మీరెన్నడన్న కొలత జెప్పిండ్రా? గుప్పెడు ఏసిన."
"గుప్పెడా!"
"ముందుగాల మంచిగనే ఉండె. నా ముక్కు ఒద్దన్నది. మీరు ఎయ్యమన్నరు." కోపంగా అనలేదు. చీర కొంగుతో రోకలి తుడిచి గోడకు ఆనించింది.
అంత లవంగం పడితే బిస్కట్టు నోట్లో పెట్టుకోలేరు. నాలుక మొద్దుబారుతుంది. పదహారు ఇళ్ళు. కమలమ్మ పిల్లలు.
ఆరు దాటింది. ఏడింటికి కలుపుతారు. బేకరీకి పది నిమిషాల నడక. కలపొద్దు భాయ్ అంటే ఎందుకంటాడు. సేటే సరే అన్నాడు కదా అంటాడు. అప్పుడు మొత్తం చెప్పాలి — ముక్కు సంగతి, పొడి ఎవరు చేశారన్నది, చెడగొట్టింది ఎవరన్నది.
అనసూయ వంటింటి గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. నా వైపు చూడటం లేదు.
చెప్పులు వేసుకున్నాను. వేసుకునే రాస్తున్నాను. రాజేశం గల్లా దగ్గర కూర్చున్నాడు, ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. బయటికి పోవాలంటే వాడి ముందు నుంచే పోవాలి. "ఎక్కడికి, అన్నా?" అంటాడు.