పద్మ వంచి చూసిన ప్లగ్ వైర్లు

గురువారం

మనవరాలికి జ్వరం తగ్గింది. కోడలు పద్మకు దగ్గు పోలేదు. నా గుండెదడ ఉండనే ఉంది. మా ఆయన కాళ్ల వాపే భయపెడుతోంది. మంగళవారం వానలో పెట్రోలుతో నడిచే మా పాత ట్రక్కు దారిలో ఆగిపోయి ఆయనకు డయాలసిస్ తప్పింది. ఇంజనుకు కరెంటు అందించే ప్లగ్ వైర్ల రబ్బరు పగిలి తడి చేరిందట.

ఈరోజు పద్మతో టెక్కలిలో బండి సామాన్ల కొట్టుకు వెళ్లాను. సముద్రపొడ్డు డొంకూరులో పుట్టిన జాలరి పిల్ల కదా, వల తాడు చూసినట్టు ఒక్కో వైరూ వేళ్ల మధ్య వంచి చూసింది.

"కొత్తదేనమ్మా," అన్నాడు కొట్టువాడు.

"కొత్తదైతే వంచగానే పగిలిపోనాదేటి బాబూ?"

నాకు నవ్వు ఆగలేదు. చివరికి మందపాటి రబ్బరువి ఎంచింది. ఇంటికొచ్చి తనే బిగించి, వాటిమీద నీళ్లు చిమ్మి ఇంజను నడిపింది. ఆగలేదు!

"ఇంకేటి భయం అత్తా?" అంది.

భయం పోదు గానీ, ఎంత నేర్పు ఆ చేతులది... వాన వచ్చినా సరే, రేపు శుక్రవారం పొద్దున్నే డయాలసిస్‌కు పలాస ఆసుపత్రికి వెళ్తున్నాం.