మంగళవారం ఫోన్లు

నాన్నకు,

నీ చిన్నకూతురు నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను క్షేమం. అమ్మ మోకాలి నొప్పి, నీ బీపీ, అక్క కోపం అన్నీ అదుపులోనే ఉన్నాయని తలుస్తాను. ఫోన్లో చెబితే నువ్వు అరుస్తావు, నేను అంతకంటే గట్టిగా అరుస్తాను, చివరికి అమ్మ ఫోను లాక్కుంటుంది. ఉత్తరమైతే చివరిదాకా చదవక తప్పదు, అందుకని రాస్తున్నాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. పన్ను పీకించుకున్నాను. వంట చేసుకుంటున్నాను, రోజూ కాదు. ఉద్యోగం పర్మనెంటు అయిందా అన్నదానికి కాసేపు ఆగు. "మీ అమ్మాయి క్యాన్సర్ ఆస్పత్రిలో చేసే పనేమిటి?" అని మీ బస్సు డిపోలో అడిగితే నీళ్లు నమిలానన్నావు. ఇక నమలొద్దు. ఫోన్లు చేస్తుందని చెప్పు.

నవ్వకు. కీమో ఎక్కించుకుని ఇంటికెళ్లినవాళ్లకు తెల్లకణాలు పడిపోతాయి. అప్పుడు జ్వరమొస్తే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. కానీ పెద్ద డాక్టరు "ఎలా ఉన్నారు?" అనగానే అందరిదీ ఒకటే జవాబు: "మీ దయవల్ల బాగానే ఉన్నానండి." ఒంట్లో బాగాలేదంటే ఆయన నొచ్చుకుంటారేమోనని! అందుకే మా పరిశోధనలో ఎలా ఉన్నారని అడగడం మానేశాం. ప్రతి మంగళవారం ఫోన్ చేసి, నిన్న ఎన్ని ముద్దలు తిన్నారు, మెట్లెక్కితే ఆయాసం వచ్చిందా, థర్మామీటరు ఎంత చూపించింది అని అడిగేదాన్ని. అంకె తేడాగా ఉంటే ఉన్నపళాన రమ్మనేదాన్ని.

రెండేళ్లు చేశాం. సగం మందికి ఫోన్లు, సగం మందికి మామూలు వైద్యం. ఫోన్లు అందుకున్నవాళ్లలో జ్వరం ముదిరి ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లు బాగా తగ్గారు. వ్యాసం అచ్చయింది. వరండాలో పోస్టరు పెట్టారు, కేకు కోశారు. మర్నాడు, నేను రోగులకు చేసే ఆస్పత్రి ఫోనును బీరువాలో పెట్టి తాళం వేశారు.

"పరిశోధన అయిపోయిందమ్మా. ఇక కొత్తదాని ఫారాలు చూసుకో," అన్నారు పెద్ద డాక్టరు.

"మందు పనిచేస్తుందని తేలాక మందు ఆపేస్తామా సార్?"

"అది మందు, ఇది ఫోను. దీనికంటూ మనిషిని కేటాయించాలి కదా. కమిటీకి రాశాం. చూద్దాం."

"కమిటీ కూర్చునేదాకా జ్వరం ఆగుతుందా సార్?"

"నీకు నోరెక్కువ," అన్నారు. ఆ మాట నువ్వు వారానికి రెండుసార్లు అంటావు కనుక నాకేమీ తగల్లేదు.

తర్వాత నా సొంత ఫోన్లో మొదలుపెట్టాను, భోజనం వేళ, మందుల గది వెనక మెట్ల మీద కూర్చుని. మూడు నెలలు గుట్టుగానే సాగింది. ఆపైన ఒక బస్సు కండక్టరు, జ్వరం తగ్గి ఇంటికి పోతూ పోతూ, పెద్ద డాక్టరు గదిలోకి వెళ్లి, "మీ ఫోనమ్మ రమ్మనబట్టి బతికానండీ," అని దణ్ణం పెట్టాడు. నా కొంప ముంచింది ఆ దణ్ణమే.

మెమో ఇచ్చారు. రోగుల నంబర్లు సొంత ఫోన్లో పెట్టుకున్నానని, అనుమతి లేకుండా వైద్య సలహా ఇచ్చానని. మొదటిది నిజమే. జబ్బుపడ్డవాళ్ల నంబర్లు ఎవరు పడితే వాళ్లు పట్టుకుపోకూడదు. ఆ నియమం మంచిదే. క్షమాపణ రాసిస్తే పర్మనెంటు, రాయకపోతే నెలాఖరుకు ఇంటికి.

"రాసిచ్చెయ్యవే పిచ్చిమొద్దూ! నాలుగు ముక్కలు గీకితే నీ సొమ్మేం పోయింది? ఉద్యోగంలో ఉంటేనే కదా పోట్లాడేది?" అంది హెడ్ నర్సు. ఆమె మాట సబబే. కలం తీశాను కూడా.

ఇక నీకు ఇన్నాళ్లూ దాచిన సంగతి, నాన్నా. నోరు చేసుకున్నానే గానీ, ఫోను బీరువాలోకి పోయిన మొదటి మంగళవారం నేను పెద్ద డాక్టరు చెప్పినట్టే విన్నాను. బుద్ధిగా ఫారాలు నింపాను. మా జాబితాలో ఒక వడ్రంగి ఉండేవాడు. ఫోన్ ఎత్తగానే, "ముందు కుర్చీ లాక్కుని కూచో తల్లీ, నిలబడి రాస్తే నీ నడుం పట్టేస్తుంది," అనేవాడు. ఆ ఆదివారం అతనికి జ్వరం వచ్చింది. భార్య ఆస్పత్రికి పోదామంటే, "మంగళవారం ఆ పిల్ల ఎలాగూ చేస్తుందిగా, అప్పుడు చెబుదాంలే," అన్నాడట. పూటపూటకీ థర్మామీటరు పెట్టుకుని అంకెలు కాగితం మీద రాశాడు. మంగళవారం పొద్దుటి నుంచి ఫోను పక్కనే పెట్టుకుని కూర్చున్నాడు. బుధవారం తీసుకొచ్చారు. శుక్రవారం పోయాడు.

ఆ కాగితాన్ని అతని భార్య తెచ్చి నా చేతిలో పెట్టింది. "నీకు చెప్పాలని రాసుకున్నాడమ్మా," అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఫోనుకు అలవాటు చేసింది మేము. ఇకమీదట చేయబోమని ఒక్క మాటైనా చెప్పకుండా ఆపేసింది మేము. పోస్టరు మీది గ్రాఫులో ఆ మనిషి ఒక చుక్క, నాన్నా. మంచి ఫలితం వైపున్న చుక్క.

నిన్న క్షమాపణ కాగితం రాసి పెద్ద డాక్టరు బల్ల మీద పెట్టాను. నకలొకటి వడ్రంగి భార్యకు పోస్టు చేశాను. ఆయన రెండుసార్లు చదివి, "దీని మీద సంతకం పెట్టే ఇచ్చావా?" అన్నారు. పెట్టే ఇచ్చానన్నాను. జవాబు సోమవారం చెబుతారట. హెడ్ నర్సు మాత్రం, "నీకు బుద్ధి రాదే," అని గొణుగుతూ, నా జాబితా మొత్తం లాక్కుని వార్డు ఫోను ముందు కూర్చుంది. "ఆస్పత్రి ఫోను, ఆస్పత్రి నర్సు. ఎవరాపుతారో రమ్మను!" సోమవారం నన్ను పొమ్మంటే ఇంటికొస్తాను. నువ్వు నెల రోజులు తిట్టుకో, కాదనను. కానీ నా క్షమాపణను ఒక్కసారి చదివాకే మొదలుపెట్టు. ఇంతే అది:

"ఆ మొదటి మంగళవారం నేను ఎవరికీ ఫోన్ చేయలేదు. నా ఫోను కోసం ఎదురుచూసిన మనిషి చనిపోయాడు. అందుకు క్షమాపణ కోరుతున్నాను. మిగతా మంగళవారాల్లో దేనికీ కోరడం లేదు."

ఇట్లు,
కలం ఇంకా మూయని
నీ చిన్నకూతురు