వేడెక్కినా పోని అయస్కాంతత్వం

నుకాగా మాస్టారికి,

సెందాయ్‌లో వానకి పూలన్నీ తలలు వంచేశాయి. వాటి పక్కనే నేనూ.

అరచేతంత సూపర్ కండక్టర్ బిళ్ళను గడ్డకట్టే చలిలో పెట్టి కొలిచాననీ, వేడెక్కితే పూర్తిగా పోవాల్సిన అయస్కాంతత్వం కాస్త మిగిలిందనీ, లోకంలో ఎవరూ చూడని వింత ఇదనీ మీకు గొప్పగా రాశాను కదా!

నిన్న మా టెక్నీషియన్ తొదొరోకి గారు బిళ్ళ పెట్టే గిన్నెను తిరగేసి, అడుగున అంటుకున్నది చూపిస్తూ, "మీ భుజం నొప్పికి వేసుకునే అయస్కాంతం పట్టీ ఇక్కడేం చేస్తోందండీ?" అన్నారు. భుజం తడుముకున్నాను. లేదు. నొప్పికని మీరు పంపిన పట్టీల పెట్టెలోదే.

పట్టీ పీకేసి కొలిస్తే, వేడెక్కగానే సున్నా. దయచేసి శనివారం శాస్త్రవేత్తల సభలో నా పేరెత్తకండి.

నొప్పి ఎలా ఉందని అడిగారు. తగ్గలేదండీ. మూడు వారాలుగా వైద్యమంతా బిళ్ళకే జరిగింది.

మీ శిష్యుడు